క్యాథలిక్ హాస్పిటల్ ఉద్యోగం, ఇన్సూరెన్స్‌లో గర్భనిరోధక మాత్రలు కవర్ కావట్లేదు: ఇది చట్టబద్ధమేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినావిడ హెచ్-1బీ మీద అమెరికాలో ఉన్నారు. ఈమధ్యే ఒక క్యాథలిక్ హాస్పిటల్ గ్రూపులో ఐటీ ఉద్యోగంలో చేరారు. పాత కంపెనీలో ఉచితంగా వచ్చిన మాత్రలకి ఇప్పుడు ఫార్మసీలో "మీ ప్లాన్ కవర్ చేయదు" అన్నారట. హెచ్‌ఆర్‌ని అడిగితే "మతపరమైన మినహాయింపు" అని ఒక్క లైను మెయిల్ వచ్చిందట. ఇది చట్టబద్ధమా? నేను హిందువుని కదా, వాళ్ల మతం నా మీద ఎందుకు? గట్టిగా అడిగితే వీసాకి ఇబ్బందా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

నేను అమెరికాలో కంపెనీల హెల్త్ ప్లాన్లు నడిపించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఏ క్లెయిమ్ కట్టాలి, ఏది తిప్పి పంపాలి, ప్లాన్ కాగితాల్లో ఏం రాయాలి, ఇదే నా రోజువారీ పని. లాయర్ని కాను. కాబట్టి కోర్టుకెళ్లే ఆలోచన ఉంటే లాయర్నే కలవండి.

సూటి జవాబు: మతసంస్థకు చెందిన హాస్పిటల్ తన ప్లాన్ నుంచి గర్భనిరోధకాలను తీసేయడం చాలా సందర్భాల్లో చట్టబద్ధమే. మీరు ఏ మతమన్నది దానికి సంబంధం లేదు. కానీ "మా ప్లాన్ కట్టదు" అంటే "మీకు రాదు" అని కాదు. అదే కార్డు వెనక ఇంకో దారిలో ఉచితంగా వచ్చే అవకాశం ఉంది, రాష్ట్ర చట్టం ఆదుకునే అవకాశం ఉంది, వైద్య కారణం ఉంటే అసలు మినహాయింపే వర్తించకపోవచ్చు. హెచ్‌ఆర్ ఒక్క లైనులో ఇవేవీ చెప్పలేదు, బహుశా వాళ్లకే తెలియకపోవచ్చు. ఇక వీసాకి ఏమీ కాదు.

ఇప్పుడు వివరంగా.

2010లో వచ్చిన ఒబామాకేర్ చట్టం ప్రకారం, కొన్ని ముందు జాగ్రత్త వైద్య సేవలకి కోపే, డిడక్టబుల్ (మన జేబులోంచి కట్టే వాటాలు) లేకుండా ప్లానే మొత్తం కట్టాలి. ఆడవాళ్లకి సంబంధించి అందులో ఏవి చేరాలన్నది చట్టంలో రాయలేదు, ప్రభుత్వ ఆరోగ్య విభాగానికి వదిలేశారు. వాళ్లు 2011 ఆగస్టులో ఇచ్చిన జాబితాలో గర్భనిరోధకాలు ఉన్నాయి: మాత్రలు, లూప్, ఇంజెక్షన్, ఆడవాళ్ల కు.ని. ఆపరేషన్, అన్నీ. 2012 ఆగస్టు తర్వాత మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి ఇది అమల్లోకొచ్చింది. మీ పాత కంపెనీలో ఉచితంగా వచ్చింది ఇందుకే. (మగవాళ్ల వాసెక్టమీ ఈ జాబితాలో లేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా చేర్చుకున్నాయి. చాలామంది మొగుళ్లు బిల్లు వచ్చాక గాని ఈ సంగతి తెలుసుకోరు.)

చర్చిలకు మొదటి నుంచీ పూర్తి మినహాయింపు ఉంది. చిక్కంతా చర్చి కాని మతసంస్థలతోనే: హాస్పిటళ్లు, కాలేజీలు, వృద్ధాశ్రమాలు. వాటిలో అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ పనిచేస్తారు. వీళ్ల కోసం 2013లో ప్రభుత్వం ఒక మధ్యేమార్గం (అకామడేషన్) పెట్టింది. సంస్థ "మాకు మతపరమైన అభ్యంతరం ఉంది" అని ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలు. అప్పటి నుంచి ఆ ఖర్చు సంస్థ డబ్బుతో సంబంధం లేకుండా ఇన్సూరెన్స్ కంపెనీ గానీ, ప్లాన్‌ని నడిపించే బయటి సంస్థ గానీ భరిస్తుంది. ఆ బయటి సంస్థకి అయిన ఖర్చు ఎలా తిరిగొస్తుందంటే, ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ప్లాన్ కొనుక్కునే ప్రభుత్వ వేదికలో) ప్లాన్లు అమ్మే ఒక ఇన్సూరెన్స్ కంపెనీతో అది ఒప్పందం పెట్టుకుంటుంది, ప్రభుత్వానికి ఆ కంపెనీ కట్టాల్సిన యూజర్ ఫీజులో ఆ మేరకు తగ్గిస్తారు. ఉద్యోగికి ఇవేవీ కనిపించవు. ఒక ఉత్తరం వస్తుంది, కొన్నిచోట్ల వేరే కార్డు వస్తుంది.

మీరు ముందు తెలుసుకోవాల్సింది ఇదే: మీ సంస్థ పూర్తి మినహాయింపు తీసుకుందా, ఈ మధ్యేమార్గంలో ఉందా? హెచ్‌ఆర్‌లో కింది స్థాయివాళ్లు రెండింటికీ ఒకటే జవాబు చెప్తారు: "మన ప్లాన్‌లో లేదు." మధ్యేమార్గంలో ఉన్నా ఆ మాట నిజమే, ఎందుకంటే అది మీ సంస్థ ప్లాన్‌లో భాగం కాదు. నేను చూసిన ఒక సంస్థలో ఉద్యోగులు నెలనెలా సొంత డబ్బు పెట్టి మాత్రలు కొనుక్కుంటున్నారు. వేరే కార్డు గురించిన ఉత్తరం ఏటా ప్లాన్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ కట్టలో ఎక్కడో ఉంది, ఎవరూ చదవలేదు. అందుకే హెచ్‌ఆర్‌ని వదిలేసి, మీ కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మా ఎంప్లాయర్ మతపరమైన అభ్యంతరం చెప్పారు, మీరు విడిగా గర్భనిరోధక కవరేజీ ఇస్తున్నారా?" మొదట ఫోన్ ఎత్తినవాళ్లకి తెలియకపోతే సూపర్‌వైజర్ని అడగండి.

రెండో విషయం, మీ ప్లాన్‌కి డబ్బు ఎవరిది? ఇది అమెరికాలో పదేళ్లు పనిచేసినవాళ్లకి కూడా తెలియదు. కార్డు మీద పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ పేరుంటుంది కాబట్టి డబ్బు ఆ కంపెనీయే కడుతుందనుకుంటాం. పెద్ద సంస్థల్లో చాలా వరకు అలా కాదు. అక్కడ క్లెయిమ్ డబ్బు యజమాని ఖాతాలోంచే పోతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ గుమాస్తా పని మాత్రమే చేస్తుంది. దీన్ని సెల్ఫ్-ఫండెడ్ అంటారు. ప్రీమియం కట్టి బయటి కంపెనీ మీద రిస్కు పెట్టేస్తే అది ఫుల్లీ ఇన్‌ష్యూర్డ్.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాలకు గర్భనిరోధకాలు కవర్ చేయాలనే సొంత చట్టాలున్నాయి. మొదట చేసింది మేరీల్యాండ్, 1998లో. కొన్ని రాష్ట్రాల్లో మత మినహాయింపు చాలా ఇరుగ్గా ఉంటుంది. కాలిఫోర్నియాలో క్యాథలిక్ ఛారిటీస్ సంస్థ తమకు మినహాయింపు కావాలని రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో ఓడిపోయింది, న్యూయార్క్‌లో అలాంటి కేసే 2006లో ఓడిపోయింది. కాబట్టి మీ ప్లాన్ ఫుల్లీ ఇన్‌ష్యూర్డ్ అయి, అలాంటి రాష్ట్రంలో ఉంటే, ఫెడరల్ మినహాయింపు ఉన్నా రాష్ట్ర చట్టం మీ పక్షాన ఉండొచ్చు. అప్పుడు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చేయడమే దారి. సెల్ఫ్-ఫండెడ్ అయితే మాత్రం ఉద్యోగుల ప్లాన్లని నియంత్రించే ఎరిసా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం వల్ల రాష్ట్రం చెయ్యి అక్కడిదాకా పోదు (చర్చికి అనుబంధంగా ఉండే "చర్చి ప్లాన్"కి ఎరిసా వర్తించదు, దాని సంగతి వేరు). హాస్పిటల్ గ్రూపులు ఎక్కువగా సెల్ఫ్-ఫండెడే. ఎక్కువ ఆశలు పెట్టుకోకండి, కానీ అడగకుండా ఉండకండి.

మూడోది, నా అనుభవంలో ఎక్కువమందికి పనికొచ్చింది. మాత్రలు దేనికి వాడుతున్నారు? మన అమ్మాయిల్లో చాలామంది పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల సమస్య) కోసమో, నెలసరిలో విపరీతమైన రక్తస్రావానికో, ఎండోమెట్రియోసిస్ నొప్పికో వాడతారు. పెళ్లి కాకముందే డాక్టరు రాసిచ్చిన మాత్ర అదే కొనసాగుతూ ఉంటుంది. అలాంటి వాడకానికి క్యాథలిక్ చర్చికే అభ్యంతరం లేదు. కృత్రిమ గర్భనిరోధకాలు కూడదని 1968లో ఆరవ పాల్ పోప్ ఇచ్చిన హుమానే వీటే పత్రంలోనే, శరీర రోగాన్ని నయం చేయడానికి అవసరమైన చికిత్సని, దానివల్ల గర్భం రాకపోయినా సరే, చర్చి తప్పుగా చూడదని 15వ పేరాలో ఉంది. అందుకే చాలా క్యాథలిక్ ప్లాన్లలో "వైద్య కారణానికి అయితే కవర్ అవుతుంది" అనే వాక్యం ఉంటుంది.

మరి ఫార్మసీలో ఎందుకు తిప్పి పంపారు? ఫార్మసీ క్లెయిమ్ మీద సాధారణంగా రోగం కోడు ఉండదు. కంప్యూటర్‌కి మందు పేరు ఒక్కటే కనిపిస్తుంది, ఆ రకం మందులన్నిటికీ తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీయాలంటే మీ డాక్టరు ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి కోరే కాగితం) పంపాలి, అందులో రోగం రాయాలి. పీసీఓఎస్‌కి కోడు ఈ28.2. గర్భనిరోధక సలహా కోసం వచ్చిన విజిట్‌కి జెడ్30తో మొదలయ్యే కోడు వేస్తారు, దాన్ని చూడగానే ఈ ప్లాన్లు తిప్పికొడతాయి. నాకు తెలిసిన ఒకావిడకి పీసీఓఎస్ ఎన్నో ఏళ్లుగా ఉంది, ఫైల్లో స్కాన్ రిపోర్టులున్నాయి, కానీ డాక్టర్ ఆఫీసులో అలవాటుగా జెడ్30 కోడే వేస్తూ వచ్చారు. కోడు సరిచేసి పంపితే మందూ విజిట్ రెండూ కవర్ అయ్యాయి. అయితే ఒక మాట: లేని రోగం రాయమని డాక్టర్ని అడగొద్దు. అది ఇన్సూరెన్స్ మోసం కిందకి వస్తుంది, పైగా ఆ రోగం మీ రికార్డులో ఎప్పటికీ ఉండిపోతుంది. ఇంకొకటి, ఈ దారిలో వస్తే అది చికిత్స కిందకి వస్తుంది, ముందు జాగ్రత్త సేవ కాదు. కాబట్టి కోపే పడొచ్చు.

ఈ మూడూ కుదరకపోతే డబ్బు పెట్టి కొనుక్కోవడమే. జెనరిక్ మాత్రలైతే అంత భారం కాదు, డిస్కౌంట్ కార్డుతో చాలాచోట్ల తక్కువకే దొరుకుతాయి. ఓపిల్ అనే మాత్రకి ప్రిస్క్రిప్షనే అక్కర్లేదు, 2023లో అనుమతి వచ్చింది, మూడు నెలల పెట్టె దాదాపు 50 డాలర్లు. కానీ అది ప్రొజెస్టిన్ అనే హార్మోన్ ఒక్కటే ఉన్న మాత్ర, రోజూ ఒకే టైముకి వేసుకోవాలి, మీరిప్పుడు వాడేదానికి బదులు అనుకోవద్దు, డాక్టర్ని అడగండి. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే దాన్లోంచి కొనొచ్చు, ఆ డబ్బు మీది. లూప్ వేయించుకోవాలంటే మాత్రం డాక్టర్ ఫీజుతో కలిపి వెయ్యి డాలర్లు దాటొచ్చు, అసలు దెబ్బ అక్కడే. మీవారికి వేరే కంపెనీలో ఉద్యోగం ఉంటే వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో ఆ ప్లాన్‌కి మారండి. "మా ప్లాన్‌లో ఇది లేదు" అన్న కారణంతో మధ్యలో మారనివ్వరు. ఇంకా చేరి నెల దాటకపోతే మీ ఎంపిక గడువు మిగిలి ఉందేమో ఇవాళే చూసుకోండి. మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనుక్కోవచ్చు గానీ, కంపెనీ ప్లాన్ అందుబాటు ధరలో ఉన్నంతకాలం సబ్సిడీ రాదు కాబట్టి లెక్క కుదరదు.

ఇక "వాళ్ల మతం నా మీద ఎందుకు" అన్న ప్రశ్న. దీని మీద అమెరికాలో పదేళ్లకు పైగా కొట్టుకుంటున్నారు, మీ కోపం కొత్తది కాదు.

వివాదానికి మూలం ఆర్‌ఎఫ్‌ఆర్‌ఏ అనే 1993 నాటి మతస్వేచ్ఛ చట్టం. దాని పుట్టుక విచిత్రం. ఒరెగన్‌లో ఇద్దరు ఆదివాసీ చర్చి సభ్యులు పూజలో పెయోటీ అనే మత్తు మొక్కని తీసుకున్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు, నిరుద్యోగ భృతి కూడా రాలేదు. 1990లో సుప్రీంకోర్టు వాళ్లకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అన్ని పార్టీలవాళ్లకీ కోపం వచ్చి, దాదాపు ఏకగ్రీవంగా ఈ చట్టం చేశారు, క్లింటన్ సంతకం చేశాడు. ఒకరి మతాచరణ మీద ప్రభుత్వం పెద్ద భారం మోపాలంటే చాలా బలమైన అవసరం ఉండాలి, అంతకన్నా తక్కువ ఇబ్బంది పెట్టే దారి లేకపోయి ఉండాలి, ఇదీ దాని సారం. చిన్న చిన్న మతాలని కాపాడటానికి చేసిన చట్టం.

ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని పట్టుకుని కోర్టుకొచ్చింది ఓక్లహోమాలో క్రాఫ్ట్ సామాన్ల దుకాణాల గొలుసు, హాబీ లాబీ. యజమానులు గ్రీన్ కుటుంబం, భక్తిపరులైన క్రైస్తవులు, ఆదివారం దుకాణాలు తెరవరు. వాళ్లతోపాటు పెన్సిల్వేనియాలో చెక్కపని కంపెనీ నడిపే ఒక మెన్నోనైట్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబం. చాలామందికి తెలియని సంగతి, గ్రీన్ కుటుంబం అన్ని గర్భనిరోధకాలనీ వద్దనలేదు. ఆమోదం ఉన్న 20 పద్ధతుల్లో నాలుగింటికే అభ్యంతరం: రెండు రకాల ఎమర్జెన్సీ మాత్రలు, రెండు రకాల లూప్‌లు. ఇవి ఫలదీకరణ జరిగిన అండాన్ని గర్భసంచిలో అంటుకోనివ్వకుండా చేయొచ్చు, కాబట్టి గర్భస్రావంతో సమానం అని వాళ్ల నమ్మకం. వైద్యశాస్త్రం ఆ పోలికని ఒప్పుకోదు. కానీ కోర్టు శాస్త్రం జోలికే పోలేదు. నమ్మకం నిజాయితీగా ఉందా అని మాత్రమే చూసింది.

వినకపోతే పడే జరిమానా ఒక్కో ఉద్యోగికి రోజుకి 100 డాలర్లు, హాబీ లాబీకి ఏడాదికి దాదాపు 47.5 కోట్ల డాలర్లు. 2014 జూన్ 30న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ అలిటో తీర్పులో ముఖ్యమైన తర్కం ఏమిటంటే, లాభాపేక్ష లేని మతసంస్థలకి మధ్యేమార్గం ఉందిగా, అదే ఈ కుటుంబ కంపెనీలకీ ఇవ్వొచ్చు, అప్పుడు ఉద్యోగినులకి ఏ నష్టమూ ఉండదు అని. జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులో అడిగిన ప్రశ్న మనకి దగ్గరిది: రక్తం ఎక్కించడం వద్దనే యెహోవా సాక్షుల యజమాని సంగతేమిటి? పందుల నుంచి తీసిన పదార్థాలున్న మత్తుమందు, సెలైన్, జెలటిన్ పూత మాత్రల మీద అభ్యంతరం చెప్పే ముస్లిం, యూదు, హిందూ యజమానుల సంగతేమిటి? గీత ఎక్కడ గీస్తారు? ఆ ప్రశ్నకి సరైన జవాబు ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడు పడదు. మధ్యేమార్గం ఉందన్న కారణంతో కంపెనీలని వదిలేశారు కదా, మూడు రోజుల తర్వాత వీటన్ కాలేజీ కేసులో ఆ మధ్యేమార్గం కాగితం మీద సంతకం పెట్టడం కూడా మాకు పాపమే అంటే, కోర్టు తాత్కాలికంగా దానికీ ఒప్పుకుంది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే, పేద వృద్ధులకి సేవ చేసే నన్‌లు కూడా అదే వాదనతో వచ్చారు: ఆ సంతకమే అనుమతి పత్రం, దానివల్లే మా ఉద్యోగులకి గర్భనిరోధకాలు అందుతాయి. 2016లో, జస్టిస్ స్కేలియా చనిపోయి ఎనిమిది మందే మిగిలిన కోర్టు, మీరూ మీరూ మాట్లాడుకోండి అని కేసులన్నీ కింది కోర్టులకి తిప్పి పంపేసింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం నిబంధనలు మార్చింది, 2018 నవంబరులో అవి ఖరారయ్యాయి. ఏ యజమానికైనా, షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీకైనా సరే, మతపరమైన అభ్యంతరం ఉంటే పూర్తి మినహాయింపు. మధ్యేమార్గం వాళ్లిష్టం. 70,500 నుంచి 1,26,400 మంది దాకా ఆడవాళ్లకి కవరేజీ పోవచ్చని ప్రభుత్వమే లెక్కేసింది. 2020 జులైలో సుప్రీంకోర్టు 7-2తో అలాంటి మినహాయింపులిచ్చే అధికారం ప్రభుత్వానికుందని చెప్పింది.

మీ హెచ్‌ఆర్ మెయిల్‌లో "మినహాయింపు" అన్నది బహుశా ఈ 2018 నిబంధనల నుంచి వచ్చిందే. ఇక్కడ ఒక తాజా మలుపు ఉంది. 2025 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఫెడరల్ జడ్జి వెండీ బీటిల్‌స్టోన్ ఆ నిబంధనలు సరైన కారణాలు లేకుండా చేసినవని కొట్టేశారు. లిటిల్ సిస్టర్స్ అప్పీలుకి వెళ్లారు. అంటే హెచ్‌ఆర్ మినహాయింపు అన్నది నిబంధన వల్లా, కోర్టు ఉత్తర్వు వల్లా అన్నది ఇప్పుడు అడగదగ్గ ప్రశ్న. చాలా క్యాథలిక్ సంస్థలకి పాత కేసుల్లోనే శాశ్వత కోర్టు ఉత్తర్వులున్నాయి. ఉదాహరణకి క్యాథలిక్ బెనిఫిట్స్ అసోసియేషన్ 2018లో తన సభ్యుల కోసం ఒకటి తెచ్చుకుంది. అలాంటి ఉత్తర్వు ఉన్న సంస్థకి నిబంధనలు ఎటు పోయినా ఇబ్బంది లేదు.

నా అభిప్రాయం అడగలేదు గానీ చెప్తాను. ఇన్సూరెన్స్ జీతంలో భాగం. శాకాహారి యజమాని తన క్యాంటీన్‌లో గుడ్డు పెట్టనంటే నాకు అభ్యంతరం లేదు. కానీ నా లంచ్ అలవెన్సుతో బయట ఆమ్లెట్ తింటే తనకి పాపమంటే ఎలా? అయితే ఆ పక్షం వాదన నాటకం అని మాత్రం అనను. సెల్ఫ్-ఫండెడ్ ప్లాన్‌లో ప్రతి వారం క్లెయిములకి డబ్బు యజమాని ఖాతా నుంచే తీస్తాం, నేనే ఆ బిల్లులు పంపుతాను. తన డబ్బుతో తను పాపం అనుకునేది జరుగుతుందనే బాధ అక్కడ ఊహ కాదు. కానీ మధ్యేమార్గం సరిగ్గా ఆ డబ్బు దారినే తెంపేసింది. దాన్ని కూడా వద్దనడంతో నా సానుభూతి అయిపోయింది. వింత ఏమిటంటే, లిటిల్ సిస్టర్స్ ప్లాన్ చర్చి ప్లాన్, దాన్ని నడిపేది కూడా క్యాథలిక్ సంస్థే. ఎరిసా వర్తించదు కాబట్టి ఆ సంస్థ చేత గర్భనిరోధకాలు ఇప్పించే అధికారం తనకి లేదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకుంది. అంటే వాళ్లు సంతకం పెట్టినా వాళ్ల ఉద్యోగినుల్లో ఎవరికీ మాత్ర వచ్చేది కాదు. అయినా పదేళ్లకు పైగా ఆ సంతకం మీదే యుద్ధం.

మన దేశంలో ఈ గొడవ ఎందుకు లేదని కొందరు అడుగుతుంటారు. ఇండియాలో హెల్త్ పాలసీల్లో గర్భనిరోధకాలు, కు.ని. ఆపరేషన్ ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల జాబితాలోనే ఉన్నాయి, 17వ నంబరు కింద. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీల్లో కూడా అవి కనిపించడం అరుదు. ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే మాత్ర, కాపర్-టీ, ఆపరేషన్ అన్నీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అమెరికాలో ఆ భారం యజమాని ప్లాన్ మీద పెట్టారు కాబట్టి యజమాని నమ్మకం మధ్యలోకొచ్చింది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో ముఖ్యమైన సంగతి. ఇన్సూరెన్స్ ఇవ్వకపోవడం వేరు, హాస్పిటల్ చేయకపోవడం వేరు. మనవాళ్లలో రెండో కాన్పు సిజేరియన్ అయితే అప్పుడే ట్యూబెక్టమీ చేయించేసుకోవడం మామూలు. అమెరికా క్యాథలిక్ హాస్పిటళ్లు బిషప్‌ల నియమావళిని పాటిస్తాయి, అందులో 53వ నియమం కు.ని. ఆపరేషన్‌ని నేరుగా నిషేధిస్తుంది. మీ ఇన్సూరెన్స్ వంద శాతం కట్టినా వాళ్లు చేయరు. నాకు తెలిసిన ఒక జంటకి ఎనిమిదో నెలలో గాని ఈ సంగతి తెలియలేదు. వాళ్ల డాక్టరుకి ఇంకో హాస్పిటల్‌లో చేసే అనుమతి లేదు, చివరికి కాన్పు అయ్యాక విడిగా ఇంకో ఆపరేషన్, ఇంకోసారి మత్తు. హాస్పిటల్ పేరులో సెయింట్ అని లేకపోయినా క్యాథలిక్ గ్రూపుది కావచ్చు. మొదటి విజిట్‌లోనే "కాన్పు ఏ హాస్పిటల్‌లో, అక్కడ ట్యూబెక్టమీ చేస్తారా" అని డాక్టర్ని అడగండి. ఊళ్లో క్యాథలిక్ మిషన్ ఆసుపత్రులు తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కాదు, అక్కడ కూడా కాన్పులు చేస్తారు, కు.ని. ఆపరేషన్‌కి వేరే చోటికి వెళ్లమంటారు.

మళ్లీ మీ విషయానికి. వీసా భయం వదిలేయండి. ప్లాన్ గురించి ప్రశ్న అడగడానికీ హెచ్-1బీకీ ఏ సంబంధమూ లేదు, వీసాలు చూసే యూఎస్‌సీఐఎస్‌కి ఇది తెలిసే దారే లేదు. ఎరిసా కిందకి వచ్చే ప్లాన్ అయితే, హక్కులు అడిగినందుకు ఉద్యోగిని వేధించడం ఆ చట్టంలోని 510వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషిద్ధం. ఇంకా భయంగా ఉంటే "మినహాయింపు తప్పు" అని వాదించకుండా కాగితాలు మాత్రమే అడగండి. మెయిల్ ఇలా పెట్టొచ్చు, ఇంగ్లీషులో రాసుకోండి:

"దయచేసి మన హెల్త్ ప్లాన్ పూర్తి సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ పంపండి. మన ప్లాన్ సెల్ఫ్-ఫండెడా, ఫుల్లీ ఇన్‌ష్యూర్డా? ఎరిసా ప్లానా, చర్చి ప్లానా? గర్భనిరోధకాల విషయంలో సంస్థ పూర్తి మినహాయింపులో ఉందా, అకామడేషన్‌లో ఉందా? వైద్య కారణాలకి హార్మోన్ మాత్రలు వాడితే ప్రయర్ ఆథరైజేషన్ ఎవరికి పంపాలి?"

ఎరిసా ప్లాన్ అయితే రాతపూర్వకంగా అడిగిన 30 రోజుల్లో ఆ డాక్యుమెంట్ ఇవ్వాలి, లేకపోతే కోర్టు రోజుకి 110 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. చర్చి ప్లాన్ అయితే ఈ గడువు గానీ, పైన చెప్పిన 510 సెక్షన్ రక్షణ గానీ వర్తించవు, అక్కడ మర్యాదగా అడగడమే. పాత ఉద్యోగుల్లో ఎవరికైనా ముందు కవరేజీ ఉండి మధ్యలో ఆగిపోయిందని తెలిస్తే అది కూడా అడగండి. ఎరిసా ప్లాన్లు అలా తగ్గించినప్పుడు సాధారణంగా 60 రోజుల్లోపు ఉద్యోగులకి రాతపూర్వకంగా చెప్పాలి.

డాక్యుమెంట్ వచ్చాక "ఎక్స్‌క్లూజన్స్" అని ఉన్న పేజీలు, మందుల విభాగం రెండూ చూడండి. సంస్థ పేరు, మీ పేరు తీసేసి ఆ వాక్యాలు, మీ రాష్ట్రం పేరు ఇక్కడ పెడితే చూసి ఏ దారి మిగిలిందో చెప్తాను.